సంగమ నగరంలో నాలుగు రోజులు

విశాఖపట్నం నుండి జంషెడ్‌పూర్ వెళ్లదలచిన వారికి ఒక రైలు దారి విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్, ఝార్సుగూడ, రూర్కెలా, చక్రధర్‌పూర్‌ల మీదుగా సాగుతుంది. గత మాఘమాసంలో మేము నలుగురు సహోద్యోగులం కుటుంబాలతో కలిసి మొత్తం పదకొండుగురం ఈ దారిన బయలుదేరాము. అందుకు బంధుత్వం ఒక కారణం. మా మిత్రుని పెదనాన్నగారు జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన మనిషి. వృత్తి మరొక కారణం. ఉక్కు కర్మాగారంలో పాతికేళ్లు పనిచేసినా మనలో చాలామందికి క్షుణ్ణంగా తెలిసినది ఎవరి విభాగం వారికే. పక్క విభాగం ఆగిపోయినదన్న వార్త టెలిఫోనులో వినడమే గాని, అది ఎందుకు ఆగినదో, దాని వలన మన మీటరు ముల్లు ఎందుకు పడిపోయినదో నిదానంగా ఆలోచించే తీరిక ఉండదు. దేశంలో ఆధునిక ఉక్కు పరిశ్రమకు పుట్టినిల్లు అనదగిన ఊరికి వెళితే ఆ ముడులు కొంత విడిపడునేమో అని మా ఆశ.

తెల్లవారుజామున రైలు సీనీ అనే జంక్షన్‌లో కొద్దిసేపు ఆగింది. మసక వెలుతురులో ఒక ప్లాట్‌ఫారం, నాలుగు దీపాలు, టీ అమ్ముకునే కుర్రవాడు. చూడదగినది మరేమీ లేదు. కాని చరిత్ర కొంచెం పక్కకు ఒరిగి ఉంటే ఉక్కు నగరం ఇక్కడే వెలసి ఉండేది. జంషెడ్‌జీ టాటా మొదలుపెట్టిన అన్వేషణను ఆయన కుమారుడు దోరాబ్జీ, అమెరికన్ నిపుణులు చార్లెస్ పేజ్ పెరిన్, సి.ఎం. వెల్డ్ కొనసాగించారు. నాగపూరు మ్యూజియంలోని ఒక భూగర్భ పటం దోరాబ్జీని దల్లీ-రాజ్‌హరా కొండలకు తీసుకుపోయింది. అక్కడి ఖనిజం మేలైనదే. అయితే కోకింగ్ బొగ్గు దూరం. ఇంతలో, జియలాజికల్ సర్వేలో పనిచేసి మయూర్‌భంజ్ సంస్థానంలో చేరిన పి.ఎన్. బోసుగారు 1904 ఫిబ్రవరిలో జంషెడ్‌జీకి ఉత్తరం వ్రాసి గురుమహిసాని కొండల సంగతి తెలియజేశారు. ఆ సంవత్సరం మే నెలలోనే జంషెడ్‌జీ జర్మనీలో కన్నుమూశారు; తన పేరు పెట్టుకోబోయే నేలను ఆయన చూడనే లేదు. మహానది ఒడ్డున పదంపూర్ అనుకున్నారు, మానుకున్నారు. సీనీ అనుకున్నారు. చివరకు 1907లో సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటికి చేరువగా సాక్చీ అనే పల్లె కంటబడింది. దగ్గరలోనే బెంగాల్-నాగపూర్ రైల్వేవారి కాళీమాటి స్టేషను ఉన్నది.

ఈ కథలో మమ్మల్ని ఆకర్షించినది స్థలాన్ని ఎంచుకున్న పద్ధతి. ఖనిజం ఒక్కటే చూస్తే దల్లీ-రాజ్‌హరా గెలిచేది. బొగ్గు ఒక్కటే చూస్తే ఝరియా పక్కనే ఫర్నేసు కట్టేవారు. ఆనాటి లెక్కన ఒక టన్ను ఇనుముకు ఒక టన్నును మించిన కోకు, టన్నున్నరకు పైగా ఖనిజం, సున్నపురాయి, లెక్కకు అందనంత నీరు కావాలి. వీటిలో ఏ ఒక్కటీ సాక్చీలో అన్నింటికంటె చవక కాదు. అన్నీ కలిసినప్పుడు మాత్రం సాక్చీయే చవక. 1911 డిసెంబరులో ఇక్కడ మొదటి ఇనుము, 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మె వెలువడినవి. ఇక కాదని వదిలిన దల్లీ-రాజ్‌హరా ఏమైనదంటే, రైళ్లు, బొగ్గు, ప్రభుత్వ ప్రణాళిక అన్నీ మారిన మరో కాలంలో, 1959లో మొదటి ఫర్నేసు వెలిగించిన భిలాయికి ఖనిజం పెట్టినది ఆ కొండలే. కొండ అదే, రాయి అదే. చుట్టూ ఉన్న లెక్క మారింది.

టాటానగర్ స్టేషనులో దిగగానే పిల్లలకు ఒక సందేహం వచ్చింది: ఊరి పేరు ఒకటి, స్టేషను పేరు ఒకటి ఎందుకని. 1919 జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఇక్కడికి వచ్చి, మొదటి ప్రపంచయుద్ధంలో ఈ పట్టాలు చేసిన సేవకు గుర్తుగా సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటి టాటానగర్ అయింది. సాక్చీ అనే పాత పేరు ఇప్పుడు ఒక పేటకు మిగిలింది.

పెదనాన్నగారికి ఎనభై ఎనిమిదేళ్లు. ఆయన తండ్రి 1930లలో శ్రీకాకుళం ప్రాంతం నుండి పనికోసం వచ్చారు. ఆయన బ్లాస్ట్ ఫర్నేసులలో ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేశారు. కద్మా క్వార్టరులో మూడు దశాబ్దాలు కాపురం ఉండి, తర్వాత ఖర్కాయి ఆవలి గట్టున ఆదిత్యపూర్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఉత్తరాంధ్ర పల్లెల నుండి ఇలా వచ్చిన కుటుంబాలు ఈ ఊరిలో తక్కువేమీ కాదు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఎదుట నిలబడితే గోపురం, గంటలు, చుట్టూ వినబడే యాస అన్నీ కలిసి మన జిల్లాలోనే ఉన్నామనిపిస్తుంది. కద్మాలో ఆంధ్ర అసోసియేషన్ ఉన్నది. పెద్దమ్మగారు మాకు ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించారు. ఛోటానాగపూర్ పనసకాయ, శ్రీకాకుళం ఆవ. ఆ విందులో ఏది ఎవరిదో విడదీయడం మా వల్ల కాలేదు.

భోజనాల తర్వాత మేము ఫర్నేసుల మాట ఎత్తగానే ఆయన గొంతు మారింది.

"ఒరే బాబూ, మా రోజుల్లో కంప్యూటరేదిరా? ట్యూయర్ కంతలోంచి నీలపు అద్దం పెట్టి చూడడమే. లోపలి వెలుగును బట్టి ఫర్నేసు ఒళ్లు వెచ్చగా ఉందో చల్లారుతోందో తెలిసిపోయేది. తెలియడం కష్టం కాదు. తెలిశాక చేతులు కట్టుకు కూర్చోవడం కష్టం."

అదేమిటని అడిగాము.

"పైనుంచి కోకు ఒక వంతు ఎక్కువ వేశావనుకో. ఆ మందు కిందికి దిగడానికి ఆరు గంటలో, ఎనిమిది గంటలో. ఈలోగా జ్వరం తగ్గలేదని ఇంకో మాత్ర వేశావా, రెండూ కలిసి దిగుతాయి. అప్పుడు ఇటునుంచి అటు. కొత్తగా వచ్చిన ఇంజనీరు బాబులు మొదటి ఏడాది అంతా ఇదే పని. వాళ్ల తప్పు కాదు. షిఫ్టు ఎనిమిది గంటలే కదా; మందు వేసినవాడు ఇంటికి పోతాడు, దాని ఫలం పక్క షిఫ్టువాడు చూస్తాడు."

మా నలుగురిలో ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. షిఫ్టు మారే వేళ లాగ్ పుస్తకంలో వ్రాసే ఆ రెండు పంక్తులు ఎంత బరువైనవో అంతకుముందు ఎవరూ మాకు ఇలా చెప్పలేదు.

మరునాడు అనుమతి పొంది కర్మాగారం చూశాము. నేడు ఇది ఏటా కోటి టన్నుల స్థాయి ఉక్కు తీసే సంస్థ. 1992లో వెలసిన 'జి' ఫర్నేసు, 2008 నాటి 'హెచ్', 2012 నాటి 'ఐ' ఇక్కడి పెద్ద ఫర్నేసులు. వాటి పరిమాణం గురించి వర్ణించబోము; మన గోదావరి, కృష్ణ, అన్నపూర్ణలను దినమూ చూసే పాఠకులకు అది కొత్త కాదు. కొత్తగా చూడదగినదని మాకు తోచినది ఆకాశంలో అల్లుకొన్న గొట్టాలు.

ఒక టన్ను ఇనుము తీస్తే సుమారు 1,500 ఘనపు మీటర్ల వాయువు ఫర్నేసు నెత్తి నుండి వెలువడుతుంది. ఇది బీద ఇంధనం. కోకు ఓవెన్ల వాయువులో ఘనపు మీటరుకు 4,000 కిలోకేలరీలకు పైగా ఉంటే, దీనిలో 800 ప్రాంతం. పైగా విషం, వాసన లేని విషం. అయినా పారబోయరు. కొంత భాగం ఫర్నేసుకు వేడిగాలి పంపే స్టోవులకు పోతుంది. కొంత కోకు ఓవెన్లను వేడి చేయడానికి. మిగిలినది బాయిలర్లకు. బాయిలరులో ఆవిరి, ఆవిరితో టర్బో బ్లోయరు, బ్లోయరు నుండి గాలి, ఆ గాలి తిరిగి ఫర్నేసుకు. అంటే ఫర్నేసు తన ఊపిరిని తానే సంపాదించుకుంటున్నది. మన కర్మాగారంలోనూ ఇదే ఏర్పాటు. కాని బ్లోయరు వారు బ్లోయరును, బాయిలరు వారు బాయిలరును చూస్తూ ఉండడం చేత ఈ చక్రం పూర్తిగా ఎవరి కళ్ల ముందూ తిరగదు. ఫర్నేసుకు గాలి తగ్గితే వాయువు తగ్గుతుంది, వాయువు తగ్గితే ఆవిరి తగ్గుతుంది, ఆవిరి తగ్గితే గాలి మరింత తగ్గుతుంది. ఈ జారుడును మధ్యలో పట్టి నిలిపేందుకే బాయిలరులో బొగ్గు కూడా మండించే వీలు ఉంచుతారు, వాయువు నిల్వకు గ్యాస్ హోల్డరు కడతారు.

ఇంకొక విచిత్రం కూడా చర్చకు వచ్చింది. మన దేశపు కోకింగ్ బొగ్గులో బూడిద ఎక్కువ. బూడిద పెరిగితే దానిని కరిగించడానికి సున్నపురాయి కావాలి, స్లాగ్ పెరుగుతుంది, స్లాగ్‌ను కరిగించడానికి మరింత కోకు కావాలి, ఆ కోకుతో మళ్లీ బూడిద. ఫర్నేసు వారికి ఇది తలనొప్పి. కోకు ఎక్కువ మండినందున వాయువు మాత్రం పుష్కలం. విద్యుత్కేంద్రం వారి నెలవారీ నివేదిక ఆ నెల చక్కగా ఉంటుంది! ఒక విభాగపు మంచి అంకె మరొక విభాగపు జబ్బుకు లక్షణం కావచ్చునన్న మాట. బొగ్గును గని వద్దనే కడిగి బూడిద తగ్గించే వాషరీలను ఈ సంస్థ 1950ల ఆరంభంలోనే వెస్ట్ బొకారో, జామడోబాలలో నెలకొల్పినది. గనిలో కడిగిన బొగ్గు ఫలితం వందమైళ్ల దూరాన స్లాగ్‌లో కనబడుతుంది. ఆ స్లాగ్ ఊరి చివర జోజోబేరా సిమెంటు కర్మాగారానికి పోతుంది.

మూడవ రోజు కుటుంబాలతో ఊరు చూశాము. 1958 మార్చి 1న నెహ్రూగారు ప్రారంభించిన జూబిలీ పార్కు మైసూరు బృందావనాన్ని తలపిస్తుంది. గులాబీల వద్ద మా పిల్లలు ఫోటోలతో గంటన్నర గడిపారు. దల్మా కొండల పాదాన ఉన్న డిమ్నా జలాశయం చలికాలపు ఎండలో అద్దంలా ఉన్నది. వేసవిలో నది సన్నగిల్లినప్పుడు ఊరిని ఆదుకొనుటకు 1940లలో కట్టినది. మన కణితి జలాశయం వంటిదే. బర్మామైన్స్‌లోని జాతీయ లోహశోధనశాలను బయటి నుండి చూసి నమస్కరించాము. కృష్ణా జిల్లా కవుతవరంలో పుట్టిన పాచా రామచంద్రరావుగారు 1992 నుండి 2002 వరకు దానికి డైరెక్టరుగా ఉన్నారు.

సాయంత్రం దోముహానీకి వెళ్లాము. రెండు నదులు కలిసే చోటు. మాఘమాసంలో నీరు తక్కువ, రాళ్లు ఎక్కువ. పెదనాన్నగారు చేతికర్రతో చూపించి చెప్పారు: శ్రావణ భాద్రపదాలలో సువర్ణరేఖ నిండుగా ఉన్నప్పుడు ఖర్కాయి నీటికి దారి దొరకదు, అది వెనక్కు ఎగదన్ని జుగ్సలాయి, బాగ్‌బేరా, కద్మా పల్లపు వీధులలోకి వస్తుంది. అందుచేత తమ వీధిలో చినుకు పడకపోయినా, ఎగువన చాండిల్ ఆనకట్ట తలుపులు ఎత్తారని వినగానే ఇక్కడివారు బియ్యపు బస్తాలు అటక మీదికి ఎక్కిస్తారట. నేల వాలును గౌరవించాలన్న బుద్ధి ఈ ఊరికి మొదటి నుండి ఉన్నది. 1920 ప్రాంతంలో ఎఫ్.సి. టెంపుల్ అనే ఇంజనీరు ఇక్కడ గళ్ల నమూనాను విడిచి, నేల ఎత్తుపల్లాలను అనుసరించి వీధులు గీశాడు. పల్లాన్ని వదిలిపెట్టాడు గాని, జనం పెరిగిన కొద్దీ పల్లం కూడా ఇళ్లతో నిండింది.

గోల్మురీ పేటలో ఒక పాత సంబంధం గుర్తుకు వచ్చింది. మన ఇళ్లలో ఒకప్పుడు కిరసనాయిలు డబ్బా లేని ఇల్లు లేదు. ఆ డబ్బాలకు తగరపు రేకు కావాలని బర్మా ఆయిల్ వారు, టాటా వారు కలిసి 1920లో టిన్‌ప్లేట్ కంపెనీని ఇక్కడ స్థాపించారు. ఉక్కు ఇక్కడిది, నూనె బర్మాది, డబ్బా శ్రీకాకుళం సంతలో. 1929లో ఈ కంపెనీలో జరిగిన సుదీర్ఘ సమ్మెకు సుభాష్ చంద్ర బోసు అండగా నిలిచారు. టిన్‌ప్లేట్ కంపెనీ 2024లో టాటా స్టీల్‌లో విలీనమైనది. అదే పేటలో అదే కాలంలో పుట్టిన కేబుల్ కంపెనీ మాత్రం 2000లో మూతబడినది.

ఇక నాలుగవ రోజు. దీని గురించి వ్రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టామన్నా తప్పు లేదు.

పెదనాన్నగారి కుమారుడు ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో ఒక షెడ్డు నడుపుతున్నాడు. తొమ్మిదిమంది పనివారు, అయిదు లేతులు, ఒక డ్రిల్లింగ్ యంత్రం. లారీలకు కావలసిన ఒక చిన్న భాగాన్ని తయారుచేసి ఒక పెద్ద కంపెనీకి ఇస్తాడు. ఒక్కటే కంపెనీ. 2019లో దేశమంతటా లారీల అమ్మకాలు పడిపోయినప్పుడు ఆదిత్యపూర్‌లో వందలాది షెడ్లు వారానికి రెండు మూడు రోజులే నడిచాయి, ఇతనిదీ అంతే. పనివారిని పంపలేక పెద్దమ్మగారి గాజులు తాకట్టు పెట్టాడు. ఆ గాజులు తిరిగి వచ్చాయి గాని, ఆ సంవత్సరం ఇంకా ఆ ఇంట్లో నుండి పోలేదు.

ఇప్పుడు అతని ముందు ఒక పెద్ద ఆర్డరు ఉన్నది. ఒప్పుకుంటే ఇంటి మీద అప్పు తెచ్చి కొత్త సి.ఎన్.సి. యంత్రం కొనాలి. షెడ్డు మొత్తం ఆ ఒక్క కంపెనీకే అంకితం. ఏ రోజు సరుకు ఆ రోజే వారి అసెంబ్లీ లైనుకు అందాలి. సంతకానికి మార్చి నెలాఖరు గడువు.

ఆ మధ్యాహ్నం షెడ్డులో, నూనె వాసన మధ్య, తండ్రీ కొడుకుల సంభాషణ విన్నాము. మేము పరాయివారం కాకపోవడం వలన వారు దాచలేదు.

"ఫర్నేసుకీ స్టీలు షాపుకీ మధ్య మిక్సరుంది. ఖనిజానికి బంకరుంది. గ్యాసుకి హోల్డరుంది. ఒకడు తుమ్మితే రెండోవాడికి వెంటనే జలుబు రాకూడదనే కదా అన్ని కోట్లు పెట్టి కట్టారు. నీకూ వాళ్లకీ మధ్యన బంకరేదిరా?"

"నాన్నా, బంకరంటే ఊరికే రాదు. పదిరోజుల సరుకు షెడ్డులో పెట్టుకుంటే దాని మీద వడ్డీ నేను కట్టాలి. మీ కంపెనీ కట్టగలిగింది. నేను కట్టగలనా? వాళ్లు తమ బంకరు తీసేసి ఖర్చు తగ్గించుకున్నారు. ఆ బరువు వచ్చి నా నెత్తిన పడింది."

"పడిందని నీకు తెలుసు కదా. మరి ధరలో అడిగావా?"

"అడిగితే పక్క షెడ్డువాడు అడగకుండా ఇస్తాడు."

పెదనాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మావైపు తిరిగి, "మీరు చెప్పండి బాబూ, పెద్ద కర్మాగారంలో ఉన్నారు," అన్నారు.

మేము నిజానికి ఏమి చెప్పగలం? మన కర్మాగారానికి సొంత ఇనుప ఖనిజపు గనులు లేవు. ఖనిజం బైలదిల్లా నుండి కిరండూల్-కొత్తవలస మార్గంలో కనుమలు దిగి రావాలి. వానాకాలంలో కొండచరియ విరిగిపడి లైను ఆగితే యార్డులో ఎన్ని రోజుల నిల్వ ఉన్నదని లెక్కపెట్టుకోవడం మనందరికీ అనుభవమే. నిల్వ ఎక్కువైన సంవత్సరం అకౌంట్సు వారు దానిని వ్యర్థపు పెట్టుబడి అంటారు. తక్కువైన సంవత్సరం ఆపరేషన్సు వారు దానిని నిర్లక్ష్యం అంటారు. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరూ చూసే కాలవ్యవధి వేరు. ఆ సంగతే అతనికి చెప్పాము. మా మిత్రుడు ఒక్కడు మాత్రం ధైర్యం చేసి, ఆర్డరులో సగమే ఒప్పుకొని, మిగిలిన లేతులకు రైల్వే పనో, వ్యవసాయ యంత్రాల పనో వెతకమన్నాడు. "అన్నయ్యా, సగం ఇస్తానంటే పూర్తిగా పొమ్మంటారేమో," అన్నాడు అతను. ఆ భయం అబద్ధం కాదు.

పెద్ద యంత్రం మారితే చిన్న ఇంటిలో ఏమి మారుతుందో ఈ ఊరివారికి బాగా తెలుసు. 1990ల ఆరంభంలో ఇక్కడి ఉక్కు సంస్థలో సుమారు 78 వేలమంది ఉద్యోగులు. ఆధునికీకరణ తర్వాత, 2000ల మధ్యనాటికి 40 వేలలోపు. ఉత్పత్తి పెరిగింది, కర్మాగారం నిలిచింది. కాని తండ్రి తర్వాత కొడుకు అనే పాత వరుస ఆగింది. తెలుగు కుటుంబాల మూడవ తరం హైదరాబాదుకో బెంగుళూరుకో తరలింది. పెదనాన్నగారి మనుమరాలు మాతో చక్కని తెలుగు మాట్లాడింది. మందిరం గోడమీది తెలుగు అక్షరాలను మాత్రం మా అమ్మాయిని చదివి చెప్పమన్నది.

ఆ రాత్రి టాటానగర్ స్టేషనుకు అతనే వచ్చి మమ్మల్ని రైలు ఎక్కించాడు. పెద్దమ్మగారు పంపిన బెల్లం గవ్వల డబ్బా ఇచ్చాడు. ఏమి నిశ్చయించావని మేము అడగలేదు, అతనూ చెప్పలేదు. వచ్చిన దారినే తిరుగు ప్రయాణం. సీనీ వద్ద ఎదురుగా వస్తున్న ఖనిజపు గూడ్సుకు దారి ఇస్తూ మా రైలు ఇరవై నిమిషాలు ఆగింది.

ఈ వ్యాసం ముగిస్తున్న వారంలో ఆదిత్యపూర్ నుండి ఫోను వచ్చింది. సగం ఆర్డరుకు కంపెనీవారు ఒప్పుకున్నారట. మిగిలిన సగం, అతను భయపడినట్లే, పక్క షెడ్డుకు పోయింది. కొత్త యంత్రం కొనలేదు, ఇల్లు తాకట్టు పెట్టలేదు. రెండు లేతులు ఇంకా ఖాళీగానే ఉన్నవి. షెడ్డు వెనుక గోడకు ఇనుప అరలు కట్టిస్తున్నారు, పదిరోజుల సరుకు నిల్వకు. పెదనాన్నగారు కుర్చీ వేయించుకుని కూర్చొని స్వయంగా పని చేయిస్తున్నారు. దానికి ఖర్చయినది ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్టు. పెద్దమ్మగారికి ఆ సంగతి ఇంకా తెలియదు. మన పత్రిక ఆదిత్యపూర్ వరకు పోదన్న ధైర్యంతో ఇక్కడ వ్రాస్తున్నాము.